ప్రభుత్వ చిత్రశాలలో మన వాటా

మైనారిటీ హక్కుల ప్రస్తావన వచ్చినప్పుడల్లా మన చర్చ వక్ఫ్ భూములు, ఉపకారవేతనాలు, ఉద్యోగాలు, బ్యాంకు రుణాల చుట్టూనే తిరుగుతుంది. అది సహజమే. కూడు, గూడు, చదువు తరువాతే మరేదైనా. 2006లో వెలువడిన సచార్ కమిటీ నివేదిక సైతం ముస్లింల సాంఘిక, ఆర్థిక, విద్యా స్థితిగతుల పరిశీలనకు ఉద్దేశించినదే. అయితే ప్రజల పన్నులతో నడిచే సంస్థలలో చిత్రశాలలు, కళా అకాడమీలు కూడా ఉన్నాయి. అక్కడ ఎవరి చిత్రాలు కొంటున్నారు, ఎవరిని ఆహ్వానిస్తున్నారు, కష్టం వచ్చినప్పుడు ఏ కళాకారుని పక్షాన నిలబడుతున్నారు అన్న ప్రశ్నలు మన సభలలో వినిపించవు. ఈసారి మేము వాటినే పాఠకుల ముందుంచుతున్నాము.

ఈ సంస్థలు మనకు పరాయివి కావు. 1954 ఆగస్టు 5న లలిత కళా అకాడమీని ప్రారంభించినది నాటి విద్యామంత్రి మౌలానా అబుల్ కలాం ఆజాద్. అంతకు నాలుగేళ్ళ ముందు భారతీయ సాంస్కృతిక సంబంధాల మండలిని స్థాపించినదీ ఆయనే. ప్రభుత్వం ధనమిస్తుంది, నిర్ణయం కళాకారులు, పండితులు కలిసి చేస్తారు అన్నది అకాడమీల వెనుక ఉన్న ఆలోచన. అందుకే వాటిని శాఖలుగా కాక, స్వయంప్రతిపత్తి గల సంస్థలుగా ఏర్పరచారు. జాతీయ ఆధునిక కళా చిత్రశాల కూడా ఢిల్లీలోని జైపూర్ హౌస్‌లో అదే 1954లో తెరుచుకున్నది.

మన కుటుంబాలు చిత్రశాల గడప తొక్కకపోవడానికి మొదటి కారణం ఏమంటే, లోపల ఉన్నది అర్థం కాదన్న బెరుకు. సాలార్‌జంగ్ మ్యూజియంలో ముసుగు రెబెకా శిల్పం ముందు, గంటలు కొట్టే గడియారం ముందు మనవారు పిల్లలను ఎత్తుకుని నిలబడతారు. అక్కడ పనితనం కంటికి కనిపిస్తుంది. సమకాలీన కళ దగ్గర అలా కాదు. నేల మీద పగిలిన కుండలు పరచి ఉంటాయి. ఇది కూడా కళేనా అని నవ్వుకుని బయటకు వచ్చేస్తాము.

ఆ పగిలిన కుండల దగ్గరే కాసేపు ఆగుదాము. 1952లో బెంగుళూరులో జన్మించి బొంబాయిలో పనిచేసిన రుమ్మానా హుస్సేన్ మొదట కాన్వాసు మీద రంగులతో చిత్రాలు వేసేవారు. 1992 డిసెంబరు 6న బాబ్రీ మస్జిద్ కూల్చివేత, ఆ తరువాత బొంబాయి అల్లర్లు ఆమె కళను మార్చివేశాయి. ఆమె కుంచె పక్కనబెట్టి పగిలిన మట్టికుండలను, అద్దాలను, ఇంట్లో వాడుకునే సామాన్య వస్తువులను చేతిలోకి తీసుకున్నారు. సగానికి పగిలిన కుండను బోర్లిస్తే అది గుమ్మటంలా కనిపిస్తుంది. అద్దంలో దాని ప్రతిబింబం చూస్తే విరిగినది తిరిగి నిండుగా ఉన్నట్లు భ్రమ కలుగుతుంది. ఇంతే విషయం. ఆ డిసెంబరు మాసాన్ని ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని గడిపిన మన ఇళ్ళలోని పెద్దలకు ఈ బొమ్మను ఏ విమర్శకుడూ వివరించనవసరం లేదు. రంగులతో చెప్పలేని మాటను ఆమె పెంకులతో చెప్పారు. 1999లో, ఏభై ఏళ్ళు నిండకముందే ఆమె కన్నుమూశారు.

జరీనా హష్మీ సంగతీ ఇటువంటిదే. 1937లో అలీగఢ్‌లో జన్మించిన ఆమె అక్కడి ముస్లిం విశ్వవిద్యాలయంలో గణితం చదువుకున్నారు. తండ్రి అదే విశ్వవిద్యాలయంలో చరిత్ర ఆచార్యులు. దేశ విభజన తరువాత కొన్నేళ్ళకు కుటుంబం కరాచీకి తరలిపోయింది. ఆమె ఊరూరు, దేశదేశం తిరిగి చివరకు న్యూయార్క్‌లో స్థిరపడ్డారు. 1999లో ఆమె చెక్క మీద చెక్కి కాగితంపై ముద్రించిన 36 చిత్రాల సంపుటి ఒకటి ఉంది. ఒక్కొక్క చిత్రానికి ఒక్కొక్క ఉర్దూ మాట, దానికి తగిన నాలుగైదు నల్లని గీతలు. ఇల్లు, గడప, ఆకాశం, రాత్రి వంటి మాటలు ఆ గీతలలో ఒదిగి ఉంటాయి. 2001లో వేసిన మరొక చిత్రంలో తెల్ల కాగితం మీద వంకరటింకరగా సాగిన ఒకే ఒక నల్లని గీత తప్ప మరేమీ కనిపించదు. అది రాడ్‌క్లిఫ్ గీసిన సరిహద్దు. ఆ గీతకు అటూ ఇటూ చీలిపోయిన కుటుంబాలు హైదరాబాదులో ఎన్ని లేవు?

ఇక్కడ ఒక అభ్యంతరాన్ని దాటవేయడం మర్యాద కాదు. ప్రాణుల రూపాలను చిత్రించడం ధర్మసమ్మతం కాదని భావించే ఉలమా ఉన్నారు. ఆ అభిప్రాయాన్ని పాటించే కుటుంబాలను మేము గౌరవిస్తాము. అయితే జరీనా గీతలలో ప్రాణి రూపమే లేదు. బరోడాలో బోధించిన నస్రీన్ మొహమ్మదీ చిత్రాలలోనూ కనిపించేవి సన్నని గీతలు, కోణాలు మాత్రమే. ఖత్తాతీని, జాలీ పనిని, రేఖాగణిత అల్లికలను శతాబ్దాలుగా సాధన చేసిన జాతికి ఈ దారి కొత్తదీ కాదు, నిషిద్ధమూ కాదు.

ఇక ప్రభుత్వ పోషణ సంగతి. 2011 జూన్ మొదటి వారంలో ఇటలీలోని వెనిస్ కళోత్సవంలో భారతదేశం తొలిసారిగా తన సొంత జాతీయ ప్రదర్శనను ఏర్పాటు చేసింది. 1895లో మొదలైన ఉత్సవమది. నిర్వహించినది లలిత కళా అకాడమీ. దేశం తరఫున ఎంపికైన కళాకారులలో జరీనా హష్మీ ఒకరు. కరాచీకి వెళ్ళిపోయిన కుటుంబపు ఆడపడుచును, న్యూయార్క్‌లో ఉంటున్న ముస్లిం మహిళను, ప్రభుత్వ అకాడమీ మన దేశపు కళాకారిణిగా ప్రపంచానికి చూపించింది. ఇది మెచ్చుకోదగిన పని, మేము మెచ్చుకుంటున్నాము.

అదే నెలలో, జూన్ 9న, మక్బూల్ ఫిదా హుస్సేన్ లండన్‌లో మరణించారు. సినిమా హోర్డింగులు గీసి పొట్టపోసుకున్న ఆ మనిషికి 1955లో అకాడమీ తొలి జాతీయ ప్రదర్శనలోనే బహుమతి లభించింది. 1986లో రాజ్యసభకు నామినేట్ చేశారు. 1991లో పద్మవిభూషణ్ ఇచ్చారు. హైదరాబాదుతో ఆయనకు విడదీయరాని అనుబంధం. రామ్‌మనోహర్ లోహియా సూచనపై, బద్రీవిశాల్ పిత్తీ అండతో ఆయన రామాయణ చిత్రాలు గీసినది ఈ నగరంలోనే. తరువాత దేవతా చిత్రాల మీద వివాదం రేగింది. 1996లో అహ్మదాబాదులో ఆయన చిత్రాలను ధ్వంసం చేశారు. ఊరూరా కేసులు వేశారు. 2006లో ఆయన దేశం విడిచి వెళ్ళారు. 2008 మే నెలలో ఢిల్లీ హైకోర్టు న్యాయమూర్తి సంజయ్ కిషన్ కౌల్ ఆ కేసుల విచారణను కొట్టివేశారు. ఆ తీర్పులో జోక్యానికి సుప్రీంకోర్టు కూడా నిరాకరించింది. చట్టం ఆయన పక్షాన నిలిచింది. అయినా అదే ఏడాది ఆగస్టులో ఢిల్లీలో మొదలైన పెద్ద కళా విక్రయ ప్రదర్శనలో భద్రతా కారణాలు చూపి ఆయన చిత్రాలు లేకుండా చేశారు. 2010లో ఆయన కతర్ పౌరసత్వం స్వీకరించారు. మళ్ళీ ఈ నేల మీద కాలు పెట్టలేదు.

ఆ చిత్రాలు కొందరి మనసు నొప్పించాయన్న సంగతిని మేము తేలికగా తీసుకోము. ఇతరుల విశ్వాసాలు గాయపడితే ఎలా ఉంటుందో మనకు తెలియనిది కాదు. అయితే మా ప్రశ్న వేరు. సత్కరించేటప్పుడు ముందుకు వచ్చిన వ్యవస్థ, కోర్టులో గెలిచిన తరువాత కూడా ఆ వృద్ధుని వెనక్కి పిలిచి, రక్షణ కల్పించి, చిత్రాలను గోడకు ఎందుకు తగిలించలేకపోయింది? ప్రభుత్వ పోషణ అంటే చెక్కు మీద సంతకం ఒక్కటే కాదు, గుంపు వచ్చినప్పుడు తలుపు దగ్గర నిలబడటం కూడా. స్వయంప్రతిపత్తి అవసరమయ్యేది అక్కడే. లలిత కళా అకాడమీ నిర్వహణను 2015లో కేంద్ర సాంస్కృతిక శాఖే తన చేతిలోకి తీసుకున్నది. లోపల అవకతవకలున్నాయని చెప్పిన కారణం అలా ఉంచితే, దూరం తగ్గినకొద్దీ అకాడమీకి శాఖను ఎదిరించి నిలిచే శక్తి తగ్గుతుందని గుమాస్తాగిరి చేసిన ఎవరైనా చెప్పగలరు.

గుమాస్తాగిరి ప్రస్తావన వచ్చింది కనుక ఫైలు మాట ఒకటి. మనవారిలో చేతిపని ఉన్న కుటుంబాలు వేలల్లో ఉన్నాయి. బీదరు బిద్రీ పనివాడు, అద్దకం పనివాడు, జర్దోజీ పనిచేసే స్త్రీ, వీరంతా ప్రభుత్వ దృష్టిలో హస్తకళాకారులు. వారి ఫైలు జౌళి మంత్రిత్వ శాఖకు వెళుతుంది. చిత్రకారుని, శిల్పి ఫైలు సాంస్కృతిక శాఖకు వెళుతుంది. మొదటి ఫైలులో గుర్తింపు కార్డు, మేళాలో స్టాలు, రుణం ఉంటాయి. రెండవ దానిలో ఫెలోషిప్పు, ప్రదర్శన, చిత్రశాల కొనుగోలు ఉంటాయి. బిద్రీ కళాకారులు షా రషీద్ అహ్మద్ ఖాద్రీకి 2023లో పద్మశ్రీ లభించినందుకు మనమంతా సంతోషించాము. అయితే ఆ పనివాని కూతురు అదే నల్లని లోహాన్ని, వెండి తీగను తీసుకుని పూలకూజాకు బదులు తన బస్తీ కథ చెప్పాలనుకుంటే ఆమె ఫైలు ఏ శాఖకు పోవాలి? రెండు చోట్లా తిప్పి పంపుతారని మా అనుభవం చెబుతున్నది. మనం తయారుచేసే వస్తువు కావాలి, మన ఆలోచన అక్కరలేదు అన్న వైఖరి ఈ విభజనలో దాగి ఉన్నదని మా అభిప్రాయం.

కేరళను చూడండి. 2012 డిసెంబరు 12న మొదలైన కొచ్చి ముజిరిస్ బినాలేను స్థాపించినది బోస్ కృష్ణమాచారి, రియాస్ కోము అనే ఇద్దరు కళాకారులు. వెన్నుదన్ను రాష్ట్ర ప్రభుత్వానిది. ప్రదర్శన ఫోర్ట్ కొచ్చి, మట్టాంచేరి గోదాములలో, పాత వర్తక భవనాలలో జరుగుతుంది. ముస్లిం కుటుంబాలు నివసించే వీధుల మధ్యనే అన్నమాట. ప్రజాధనం వినియోగంపై అక్కడి పత్రికలలో గట్టి విమర్శలూ వచ్చాయి. రావాలి కూడా. మన దగ్గర పొగడ్తా లేదు, విమర్శా లేదు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1980లలో అకాడమీలను రద్దు చేశారు, 1985లో తెలుగు విశ్వవిద్యాలయం వచ్చింది. హైదరాబాదు మాదాపూర్‌లో రాష్ట్ర చిత్రశాల ఉంది. పాతబస్తీ నుంచి అక్కడికి వెళ్ళివచ్చినవారు మా ఎరుకలో వేళ్ళమీద లెక్కించదగినవారే.

మా బస్తీలో ఒక అమ్మాయి ఉన్నది. పాత పెళ్ళిపత్రికలలోని ఉర్దూ అక్షరాలను కత్తిరించి, తల్లి కుట్టుమిషను దగ్గర మిగిలిన గుడ్డపేలికల మీద అతికించి బొమ్మలు చేస్తుంది. “పటాలు చేస్తే పొట్ట నిండుతుందా, చాచా?” అని ఆమె తండ్రి మమ్మల్ని అడిగాడు. న్యాయమైన ప్రశ్న. పదేళ్ళ నుంచి పద్నాలుగేళ్ళ పిల్లలకు సీసీఆర్‌టీ అనే కేంద్ర సంస్థ సాంస్కృతిక ప్రతిభా ఉపకారవేతనం ఇస్తుందని, దానికి హైదరాబాదులో ప్రాంతీయ కేంద్రం ఉన్నదని, 18 నుంచి 25 ఏళ్ళ యువ కళాకారులకు రెండేళ్ళ ఉపకారవేతనం, ఆపై వయసువారికి జూనియర్, సీనియర్ ఫెలోషిప్పులు ఉన్నాయని అతనికి వివరించాము. ఈ మాట అతనికి ఏ బడిలోనూ ఎవరూ చెప్పలేదు. మస్జిద్ కమిటీలు, మహిళా సంఘాలు జుమా తరువాత పోలియో చుక్కల గురించి, ఓటరు జాబితా గురించి ప్రకటిస్తున్నాయి. ఈ దరఖాస్తుల గడువును కూడా అదే నోటీసు బోర్డు మీద అంటించవచ్చు.

మరొక పని పది రూపాయల రుసుముతో అయ్యేది. సమాచార హక్కు చట్టం కింద రాష్ట్ర చిత్రశాలను నిర్వహించే శాఖకు మేము ఈ నెల దరఖాస్తు పంపుతున్నాము. గత పదేళ్ళలో ఎన్ని కళాఖండాలు కొన్నారు, వాటికి ఎంత వెచ్చించారు, కొనుగోలు కమిటీలో సభ్యులెవరు, పాతబస్తీ ప్రభుత్వ పాఠశాలల నుంచి ఎన్ని విద్యార్థి బృందాలను పిలిపించారు, ఉర్దూలో ఒక్క సమాచార పత్రమైనా ముద్రించారా అని అందులో అడిగాము. జవాబు ఇవ్వడానికి చట్టం విధించిన గడువు 30 రోజులు. ఇతర జిల్లాల పాఠకులు తమ జిల్లా సాంస్కృతిక శాఖకు ఇవే ప్రశ్నలు పంపి, వచ్చిన జవాబుల నకళ్ళు పత్రిక కార్యాలయానికి చేరవేస్తే అన్నింటినీ ఒకచోట ప్రచురిస్తాము.