టేపు చుట్టినందుకు ఎనిమిది వందలా?

ఈసారి పోస్టు పంట గురించి కాదు, పంటను మార్కెట్‌కు మోసే బండి గురించి. కొంచెం పొడుగే. బండి ఉన్నోళ్లు చివరిదాకా చదవండి, డబ్బులు మిగుల్తాయి.

మొన్న టమాటా సీజన్‌లో 60 క్రేట్లు వేసుకుని మదనపల్లె పోతుంటే దారిలో బండి ఆగిపాయ. చెక్ ఇంజిన్ లైటు వెలిగింది, ఇంజిన్ ఆరిపోయింది. పది నిమిషాలాగి తాళం తిప్పితే ఏమీ కానట్టు స్టార్టయింది. మళ్లీ రెండు మైళ్లు పోయాక అదే కథ. మార్కెట్ చేరేసరికి మంచి వేలం అయిపోయింది. ఆ రోజు వచ్చిన రేటు చెప్పుకుంటే సిగ్గు.

టౌన్లో ఒక షెడ్డుకు తీసుకపోయినా. స్కానర్ పెట్టినారు. రైల్ ప్రెషర్ సెన్సార్ సర్క్యూట్‌లో వోల్టేజి తక్కువ అని కోడ్ వచ్చింది. సెన్సార్ మార్చినారు. నాలుగు రోజులు బాగుంది, ఐదో రోజు మళ్లీ ఆగింది. ఈసారి బూస్ట్ ప్రెషర్ సెన్సార్ కోడ్ కూడా పడింది. అదీ మార్చినారు. రెండూ కలిపి 13 వేలు. మూడోసారి పోతే, "ఇంక ఈసీఎం పోయినట్టుంది, అది మార్చాల్సిందే" అన్నారు. దాని రేటు వినంగానే బండి అమ్మేద్దామా అనిపించింది.

ఇక్కడ ఒక మాట అడుగుతా. మన బోరు మోటార్ ఆడకపోతే ఏం చేస్తాం? ముందు ఫ్యూజు చూస్తాం, మూడు ఫేజులూ వస్తున్నాయా చూస్తాం, స్టార్టర్ పెట్టె తెరుస్తాం, కేబుల్ జాయింట్ చూస్తాం. ఇవన్నీ అయినాక కదా పైపులు పెరికి మోటార్ పైకి తీసేది! ఫ్యూజు చూడకుండా మోటార్ తీద్దాం అన్నోడిని చేను గట్టు కూడా ఎక్కనీయం. మరి బండి దగ్గరికొచ్చేసరికి మన తెలివి ఎక్కడ పోతుంది?

కోడ్ చెప్పింది "సెన్సార్ చెడిపోయింది" అని కాదు. "ఈ సెన్సార్ నుంచి రావాల్సిన వోల్టేజి సరిగా రావట్లేదు" అని. ఆ వోల్టేజి రావాలంటే సెన్సార్ ఒక్కటి బాగుంటే చాలదు. దానికి 5 వోల్టులు మోసుకొచ్చే వైరు, ఎర్తు వైరు, సిగ్నల్ వైరు, వాటి కనెక్టర్లు, అన్నీ బాగుండాలి. పైగా చాలా బండ్లలో ఆ 5 వోల్టుల లైను ఒకటే రెండు మూడు సెన్సార్లకు పోతుంది. అది ఒక్క చోట ఇనుముకు తగిలితే అన్నీ ఒకేసారి గుడ్డివైపోతాయి. రెండు సెన్సార్ల కోడ్లు ఒకేసారి పడితే రెండూ ఒకేసారి చచ్చిపోయినాయని అనుకోకండి. వాటికి ఉమ్మడిగా ఉన్నదేందో చూడమనండి.

చివరికి మా బావమరిది చెప్పినాడని రోడ్డు పక్కన చిన్న రేకుల షెడ్డులో ఉండే ఆటో ఎలక్ట్రీషియన్ దగ్గరికి పోయినా. ఆయన స్కానర్ ముట్టుకోలేదు. "ఎప్పుడు ఆగుతుందన్నా?" అని అడిగినాడు. నాకు జవాబు తెలీలేదు. "నాలుగు రోజులు తిప్పి, ఆగినప్పుడల్లా రాసుకుని రా. వేడిగా ఉన్నప్పుడా, చల్లగా ఉన్నప్పుడా, గుంతల్లోనా, వానలోనా, లోడుతోనా, ఖాళీగానా" అన్నాడు.

రాస్తే తెలిసింది. హైవే మీద ఒక్కసారి కూడా ఆగలేదు. మా ఊరి మట్టి రోడ్డు మీదే, అదీ ఇంజిన్ బాగా వేడెక్కినాకనే.

ఆయన ఇంజిన్ వేడెక్కనిచ్చి, స్లోలో పెట్టి, వైర్ల కట్టను జానెడు జానెడుగా పట్టుకుని ఊపుకుంటా పోయినాడు. ఇంజిన్ వెనక బ్రాకెట్ దగ్గరికి చెయ్యి పోంగానే ఇంజిన్ టక్కున ఆగింది. టేపు విప్పితే ఏముంది, 5 వోల్టుల వైరు బ్రాకెట్ అంచుకు రుద్దుకుని రుద్దుకుని రాగి బయటపడింది. గుంతలో బండి ఎగిరినప్పుడల్లా అది ఇనుముకు తగులుతాంది. అంతే రోగం. వైరు అతికి, సోల్డర్ పెట్టి, స్లీవ్ తొడిగి, కట్టను అంచు నుంచి దూరంగా కట్టినాడు. 800 అడిగినాడు.

నేనేమన్నానో తెలుసా? "టేపు చుట్టినందుకు ఎనిమిది వందలా?" అన్నా.

ఆ మాట గుర్తొస్తే ఇప్పటికీ తల దించుకుంటా. పనికిరాని రెండు సెన్సార్లకు బేరమాడకుండా 13 వేలు ఇచ్చిన చెయ్యి ఇది. పూటంతా కూర్చుని రోగం పట్టుకున్నోడికి 800 ఇయ్యడానికి ఏడ్చింది.

నా అభిప్రాయం ఇదే. సామాను మార్చే పద్ధతి మెకానిక్‌ల ఒక్కరి తప్పు కాదు, మనదీ ఉంది. డబ్బాలో కొత్త సామాను కనపడితేనే మనం జేబులో చెయ్యి పెడతాం. వెతికే పనికి కూలి ఇయ్యం. ఇయ్యనప్పుడు ఎవడు వెతుకుతాడు? "రోగం పట్టుకో, నీ టైముకు ఇంత ఇస్తా, సామాను తర్వాత చూద్దాం" అని ముందే మాట్లాడుకోండి.

ఇంకో నాలుగు ముక్కలు గుర్తుపెట్టుకోండి. కోడ్ చెరిపే ముందు, అది పడిన క్షణంలో ఇంజిన్ వేడి, స్పీడు ఎంతున్నాయో స్కానర్‌లో చూసి రాసుకోమనండి. మీటర్ బీప్ కొట్టింది కదా అని వైరు మంచిదనుకోవద్దు. లోపల పోగులన్నీ తెగి ఒక్కటి మిగిలినా బీప్ వస్తుంది. వైరును రెండు కొసలా విప్పి, బల్బు వెలిగించి చూస్తే అసలు సంగతి బయటపడుతుంది. బ్యాటరీ నెగెటివ్‌కూ ఇంజిన్ బాడీకీ మధ్య మీటర్ పెట్టి సెల్ఫ్ కొట్టండి. అర వోల్టు దాటితే ఎర్తు బాగాలేదు. వైర్లకు గుండుసూది గుచ్చనీయొద్దు, ఆ రంధ్రంలో నీళ్లు చేరి రాగి పచ్చబడి కుళ్లిపోతుంది. ఎలుకల సంగతి మీకు చెప్పే పనిలేదు.

ఇది బండ్లతో ఆగేది కాదు. 2023 జనవరి నుంచి 50 హెచ్‌పీ దాటిన కొత్త ట్రాక్టర్లకు కొత్త పొగ నిబంధనలు వచ్చినాయి, వాటితో పాటే సెన్సార్లూ, ఈసీఎంలూ మన చేలోకి దిగినాయి. రేపు దుక్కి మధ్యలో ఆగేది అదే. మన చిన్న షెడ్డు మనిషి దాన్ని బాగుచెయ్యాలంటే ఆయన చేతిలో వైరింగ్ డయాగ్రామ్ ఉండాలి. కేంద్ర ప్రభుత్వం 2022లో రిపేర్ హక్కు మీద కమిటీ వేసి, వ్యవసాయ యంత్రాలను కూడా అందులో చేర్చింది. ఆ హక్కు కాగితం మీద ఉంటే మనకేం లాభం? ట్రాక్టర్ కొనేటప్పుడే షోరూంలో అడగండి, "డయాగ్రామ్ మా మెకానిక్‌కు ఇస్తారా?" అని. పది మంది అడిగితే పదకొండోవాడికైనా దొరుకుతుంది.

ఆ ఎలక్ట్రీషియన్ దగ్గరికి తర్వాత టమాటా క్రేటు ఒకటి తీసుకపోయి ఇచ్చొచ్చినా. బండి ఆ సీజన్ అంతా మళ్లీ ఆగలేదు.

మీ బండికి ఇట్లాంటిది జరిగుంటే, చివరికి రోగం ఎక్కడ దొరికిందో కింద రాయండి. ఇంకొకరికి పనికొస్తుంది.