మూడు రంధ్రాల పరీక్ష
అమెరికాలో ఆకురాలు కాలం వచ్చిందంటే జింకల వేట మొదలు. కొత్త రైఫిల్ కొన్నవాళ్లు మాత్రం ముందు వెళ్లేది అడవికి కాదు, షూటింగ్ రేంజికి. దుకాణంలో బిగించి ఇచ్చిన టెలిస్కోపు చూపే చోటికే తూటా పోతుందన్న నమ్మకం లేదు మరి!

మొదట 25 గజాల దూరంలో కాగితం పెట్టి, గురి కాస్త దారికి తెస్తారు. అసలు పరీక్ష 100 గజాల్లో. రైఫిల్‌ని ఇసుక సంచుల మీద ఆనించి, ఒకే చుక్కకు గురిపెట్టి మూడుసార్లు కాలుస్తారు. మూడు రంధ్రాలూ అంగుళం జాగాలో పడితే, అవి చుక్కకు నాలుగంగుళాలు ఎడమగా ఉన్నా బెంగలేదు. టెలిస్కోపు మీది మర తిప్పితే 'టిక్' మంటుంది. చాలావాటిలో టిక్కుకు పావు అంగుళం లెక్క. 16 టిక్కులు కుడికి తిప్పితే సరి. తూటాలు తలో దిక్కుకూ పోతేనే చిక్కు. బిగింపు వదులైందా, ఆ రకం తూటాలు పడలేదా, కాల్చేవాడి భుజమే అదిరిందా... వెతకాల్సిందే.

తొందరపడి వరసగా కాలిస్తే గొట్టం వేడెక్కి గురి మారొచ్చు. అడవిలో పేలే మొదటి తూటా చల్లని గొట్టంలోంచే కదా! అందుకే చల్లారాక మరొకటి కాల్చి చూస్తారు.

జింకలో గుండె, ఊపిరితిత్తులు ఉండే చోటు సుమారు ఎనిమిది అంగుళాలు. అది తప్పితే గాయపడ్డ జంతువు పొదల్లోకి పరుగెత్తి గంటల తరబడి అల్లాడుతుంది. నెత్తుటి చుక్కల వెంట వెతుక్కుంటూ వెళ్లిన వేటగాడికి అది దొరకొచ్చు, దొరక్కపోవచ్చు.