పెళ్లినాటి ప్రమాణాలు తప్పితే ఎవరిని అడగాలి?

కలిసుంటే బలం అంటారు పెద్దలు. నిజమే. కానీ ఏ షరతుల మీద కలుస్తున్నామో, మాట తప్పితే దిక్కెవరో ముందే తేల్చుకోవాలి కదా!

మన సంగతే చూడండి. తెలంగాణను ఆంధ్రతో వెంటనే కలపొద్దని 1955లో ఫజల్ అలీ కమిషన్ చెప్పింది. 1961 ప్రాంతంలో జరిగే ఎన్నికలయ్యాక, అక్కడి శాసనసభలో మూడింట రెండొంతుల మంది ఒప్పుకుంటే అప్పుడు కలపమంది. అంతవరకూ ఎవరాగారు? 1956 ఫిబ్రవరి 20న ఢిల్లీలో పెద్దమనుషుల ఒప్పందం కుదిరింది. అటు నలుగురు, ఇటు నలుగురు సంతకాలు చేశారు. ఆ ఎనిమిది మందిలో ఒక్క ఆడమనిషి లేదు!

తెలంగాణ మిగులు నిధులు తెలంగాణకే, ఉద్యోగాలకు పన్నెండేళ్ల స్థానికత, ముఖ్యమంత్రి ఒక ప్రాంతం వారైతే ఉపముఖ్యమంత్రి రెండో ప్రాంతం వారు... కాగితం మీద అన్నీ ఉన్నాయి. నవంబరు 1న ఏర్పడిన తొలి మంత్రివర్గంలోనే ఉపముఖ్యమంత్రి లేరు. ప్రాంతీయ మండలి అని రాసుకున్నది అధికారాలు తగ్గి ప్రాంతీయ సంఘమైంది.

ఈ కలయికను నెహ్రూ నిజామాబాద్ సభలో విడాకుల వీలున్న పెళ్లితో పోల్చారు. వీలుందనడం సులువే, ఆ తలుపు తాళంచెవి ఎవరి దగ్గరుంది? రాజ్యాంగం మూడో అధికరణం ప్రకారం అది పార్లమెంటు చేతిలోనే ఉంది. అడిక్‌మెట్, తార్నాకల నడుమనున్న ఉస్మానియా క్యాంపస్ 1969లో భగ్గుమంది. కాలేజీలు మూతపడ్డాయి. కాల్పుల్లో బిడ్డల్ని పోగొట్టుకున్న తల్లులున్నారు. అయినా తలుపు తెరుచుకోవడానికి 2014 జూన్ 2 దాకా పట్టింది. అప్పుడు కూడా ఆంధ్రప్రదేశ్ శాసనసభ బిల్లును కాదంది, పార్లమెంటు అవునంది.

రాష్ట్రం వేరు, దేశం వేరు. అయినా యూరప్ వైపు ఒకసారి చూడండి. యూరోపియన్ యూనియన్ నుంచి సభ్యదేశం బయటికెళ్లే దారి లిస్బన్ ఒప్పందం 50వ అధికరణంలోనే రాసి ఉంది. 2016లో బ్రిటన్‌లో ఓటేసిన వారిలో దాదాపు 52 శాతం మంది వెళ్దామన్నారు. 2020 జనవరి 31న బయటికొచ్చారు. సొంత పెత్తనంతో పాటు సరిహద్దులో సరుకుల తనిఖీలూ, కాగితాల పనీ వచ్చాయి.

అంటే విడిపోవడమూ ఊరికే రాదు. మన దగ్గరా నీళ్ల వాటాలు, ఆస్తుల పంపకాలు ఏళ్ల తరబడి నలిగాయి.

కాబట్టి కలుద్దామా, విడిపోదామా అని ఎవరైనా అడిగితే చప్పున తలూపకండి. రాసిన మాట అమలు కాకపోతే ఏ తలుపు తట్టాలో ముందు అడగండి. ఆ రాసేచోట మనకూ కుర్చీ వేయమనండి.