హెచ్‌ఎం కుర్చీ తరగతి గదిలో వేయండి

సంపాదకులకు,



2025 ఏప్రిల్‌లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 16,347 టీచరు పోస్టులకు మెగా డీఎస్సీ ప్రకటించింది. ఆ పరీక్ష నెగ్గినవారు ఇప్పుడు మన బడుల్లో పాఠాలు చెబుతున్నారు. వాళ్ల మెరిట్ జాబితాల గురించి, కోర్టు కేసుల గురించి, పోస్టింగుల గురించి చాలా చదివాం. కొత్త టీచరు పాఠం చెబుతుంటే వెనక బెంచీలో కూర్చుని విని, పిల్లలకు ఎక్కడ అందిందో ఎక్కడ అందలేదో తర్వాత చెప్పే పెద్దదిక్కు ఎవరన్న చర్చ మాత్రం నా కంటబడలేదు. ఆ పని ప్రధానోపాధ్యాయుడిదే, అంటే హెచ్‌ఎందే. రోజుకు ఒక పీరియడైనా ఆయన మరో టీచరు తరగతిలో కూర్చోవాలి. అందుకు అడ్డొచ్చే పనులను ఆయన నెత్తి మీంచి దించాలి. ఉన్నత పాఠశాల హెచ్‌ఎంగా పనిచేసి రిటైరైనవాణ్ని కాబట్టి ఈ మాట గట్టిగానే అంటున్నాను.

ఇప్పుడు హెచ్‌ఎం పొద్దు ఎలా గడుస్తోంది? టీచర్ల హాజరు ఫోనులో పడిందో లేదో చూసుకోవాలి. పిల్లల హాజరు, భోజనం చేసేవారి సంఖ్య, గుడ్లు, చిక్కీల నిల్వ యాప్‌లలో అప్‌లోడ్ చేయించాలి. సర్వర్ మొరాయిస్తే సిగ్నల్ కోసం ఆవరణంతా తిరగాలి. అంతలో వాట్సాప్ గ్రూపులో ‘మోస్ట్ అర్జంట్, నిల్ రిపోర్టు కూడా పంపవలెను’ అని మెసేజీ. పిల్లల గుడ్డుకు లెక్క ఉండాల్సిందే. ఆ లెక్క ఎక్కించడానికి మాత్రం బీఈడీ చదివి ఏళ్ల తరబడి పాఠం చెప్పిన మనిషి అక్కర్లేదు. విద్యాహక్కు చట్టం 27వ సెక్షన్ జనగణన, విపత్తు సహాయం, ఎన్నికలు తప్ప విద్యేతర పనులు టీచర్లకు అప్పగించవద్దంటోంది. యాప్‌ల పని ఆ సెక్షన్ కిందికి రాదని వాదించేవారు ఉండొచ్చు. దానివల్ల పోయేది బోధన సమయమేనని వాళ్లూ ఒప్పుకోక తప్పదు.

హెచ్‌ఎం వెనక కూర్చుంటే ఏమొస్తుందంటారా? ఏడో తరగతి లెక్కల పాఠం అనుకోండి. ½కి ⅓ కలపమంటే సగం తరగతి 2/5 అంటుంది. లవానికి లవం, హారానికి హారం కూడేస్తారు. టీచరు ‘తప్పు’ అని తుడిచేసి, కసాగు తీసి, 5/6 అని బోర్డు మీద రాస్తారు. పిల్లలు బుద్ధిగా ఎక్కించుకుంటారు. బోర్డు దగ్గర నిలబడినవారికి పాఠం అయిపోయినట్టే ఉంటుంది. వెనక బెంచీలో ఉన్నవారికి మాత్రం పక్క పిల్లాడి నోటుబుక్కులో తర్వాతి లెక్క కూడా అదే తప్పుతో నడుస్తున్నట్టు కనిపిస్తుంది. సాయంత్రం స్టాఫ్‌రూములో ఒక్క మాట చాలు: ‘మేడమ్, రేపు ఆ 2/5ను తుడిచేయకండి. అది సగం కంటే ఎక్కువా తక్కువా అని అడగండి. సగానికి ఇంకొంత కలిపితే సగం కంటే తగ్గిందేమిట్రా అని వాళ్లనే తేల్చుకోనివ్వండి.’ ఏ శిక్షణ మాడ్యూలూ ఆ టీచరుకు ఆ రోజు, ఆ లెక్క దగ్గర ఈ మాట చెప్పలేదు.

ఇంకోటి. ప్రశ్న వేశాక టీచరు ఎంతసేపు ఆగుతున్నారు? అమెరికాలో సైన్సు తరగతులను పరిశీలించిన మేరీ బడ్ రో అనే పరిశోధకురాలు, టీచర్లు సగటున ఒక సెకను కూడా ఆగడం లేదని 1970లలోనే తేల్చారు. మూడు సెకన్లు ఆగితే జవాబులు పొడవవుతాయి, ఎప్పుడూ నోరు విప్పని పిల్లలూ మాట్లాడతారు. మన తరగతుల్లోనూ ముందు బెంచీవాళ్లు అందుకోకపోతే టీచరే జవాబు చెప్పేస్తారు. చెప్పేవారికి ఇది తెలియదు, గడియారం చూసేవారు పక్కన ఉండాలి.

హెచ్‌ఎం తరగతిలోకి వస్తే తనిఖీకి వచ్చినట్టేనని టీచర్లు బెదురుతారు. వారి భయంలో న్యాయముంది. ఇన్నాళ్లూ లెసన్ ప్లాన్ రాశారా, రిజిస్టరు నింపారా అని అడగడానికే పైవారు వచ్చారు. అందుకే ఈ పరిశీలనకు మార్కులు, గ్రేడ్లు ఉండకూడదు, మెమోలు అసలే ఉండకూడదు. దీనికీ ఒక యాప్ పెట్టారంటే ఆ రోజుతో సరి. పైగా హెచ్‌ఎం తన తరగతికి కూడా టీచర్లను పిలవాలి. న్యూజిలాండ్ ఆచార్యురాలు వివియన్ రాబిన్సన్ బృందం 2008లో అనేక అధ్యయనాలను కలిపి చూసింది. పిల్లల చదువు మీద అన్నిటికంటే ఎక్కువ ప్రభావం చూపిన నాయకత్వ లక్షణం, టీచర్లు నేర్చుకునేలా చేస్తూ వారితో పాటు తానూ కూర్చుని నేర్చుకోవడమే.

చిన్న బడుల మాటేమిటన్నది సబబైన ప్రశ్న. విద్యాహక్కు చట్టం లెక్కన 150 మంది పిల్లలు దాటితేనే ప్రాథమిక పాఠశాలకు విడిగా ప్రధానోపాధ్యాయుడు. ఇద్దరే టీచర్లున్న చోట ఒకరు వెళ్లి మరొకరి తరగతిలో కూర్చోమనడం కుదరదు. అక్కడికి చుట్టుపక్కల బడులన్నిటినీ కలిపిన స్కూల్ కాంప్లెక్స్ హెచ్‌ఎం వెళ్లాలి. కాంప్లెక్స్ సమావేశాల్లో సర్క్యులర్లు చదవడం తగ్గించి, సమావేశం జరిగే బడిలోనే ఒక పాఠం చెప్పించి, చూసి, మాట్లాడుకోవాలి. 2020 జాతీయ విద్యా విధానం టీచర్లకూ ప్రధానోపాధ్యాయులకూ ఏడాదికి 50 గంటల వృత్తి శిక్షణ చెప్పింది. అందులో కొంత భాగం ఇలా గడిస్తే వీడియోలు చూసి సర్టిఫికెట్ తీసుకోవడం కంటే మేలు.

నేను కోరేవి మూడు. హెచ్‌ఎం పరిశీలన పీరియడ్ బడి టైంటేబుల్లో రాసి ఉండాలి. యాప్‌ల పని గ్రామ సచివాలయాల్లోని వెల్ఫేర్ అండ్ ఎడ్యుకేషన్ అసిస్టెంట్లకు, వార్డు సచివాలయాల్లోని విద్యా కార్యదర్శులకు ఇవ్వాలి. మొదటి రెండు పీరియడ్లలో ఏ ఆఫీసు నుంచీ హెచ్‌ఎంకు ఫోను గానీ మెసేజీ గానీ వెళ్లకూడదని విద్యాశాఖ ఉత్తర్వు ఇవ్వాలి. మూడోదానికి పైసా ఖర్చు లేదు. ముందు అదిస్తే, మిగతా రెండింటి విషయంలో శాఖకు ఎంత పట్టింపు ఉందో తెలిసిపోతుంది.

ఇట్లు,
ఒక విశ్రాంత ప్రధానోపాధ్యాయుడు,
ప్రకాశం జిల్లా