పొద్దున్నే కడుపునొప్పి

ప్రశ్న: మాది మైపాడు దగ్గర సముద్రపు ఒడ్డు పల్లె. మా అమ్మాయికి 14 ఏళ్ళు, తొమ్మిదో తరగతి. రెండు నెలలుగా బడికి బయలుదేరే వేళకు కడుపునొప్పి, వికారం. ఆదివారం ఉండదు. స్కానింగులో ఏమీ లేదన్నారు. నులిపురుగుల మాత్ర కూడా వేశాం. క్లాసు పిల్లల వాట్సాప్ గ్రూపులో దీని ముఖాన్ని చేప బొమ్మకు అతికించి ‘నీచు కంపు’ అని పెడుతున్నారని మొన్ననే తెలిసింది. ఫోను లాగేసుకున్నాం. అయినా తగ్గలేదు.
— ఒక తల్లి, నెల్లూరు జిల్లా

జవాబు: అమ్మా, ఆ నొప్పి నటన కాదు. మనసులోని భయం నరాల ద్వారా ప్రేగుల కదలికను మార్చివేస్తుంది. నొప్పి నిజంగానే వస్తుంది. ఆదివారం ఉండదని మీరు వ్రాయటంతోనే సగం రోగనిర్ణయం అయిపోయింది.

ఫోను తిరిగి ఇచ్చివేయండి. తప్పు చేసింది వాళ్ళు, శిక్ష పడింది మీ అమ్మాయికి. ఇలా అయితే ఈసారి ఏం జరిగినా మీకు చెప్పదు. మా చిన్నతనంలో గేలి చేసేవాళ్ళు బడి గంటతో ఆగిపోయేవారు. ఇప్పుడు అది రాత్రి పక్కలోకి కూడా వస్తోంది. అందుచేత పడుకునే గదిలో ఫోను ఉంచకండి, మీది కూడా.

ఆ బొమ్మలను తేదీతో సహా స్క్రీన్‌షాట్ తీసి, ప్రధానోపాధ్యాయుల వద్దకు వెళ్ళి వ్రాతపూర్వకంగా ఇవ్వండి. ‘పిల్లల సరదా’ అంటే ఊరుకోకండి. 2020లో ఎన్.సి.ఇ.ఆర్.టి., యునెస్కో కలిసి బడుల కోసం ఈ విషయంపైనే ఒక చిన్న పుస్తకం తెచ్చాయి. అయితే అవతలివారూ పిల్లలే. అందరి ఎదుటా నిలబెట్టి తిట్టిస్తే ఆ కసి మళ్ళీ మీ అమ్మాయి మీదికే వస్తుంది. వాళ్ళ తల్లిదండ్రులను పిలిపించి విడిగా మాట్లాడమనండి.

66-ఏ సెక్షను కింద కేసు పెట్టమని ఎవరైనా సలహా ఇస్తే వినకండి. సుప్రీంకోర్టు దాన్ని 2015లోనే కొట్టివేసింది. అసభ్యమైన బొమ్మ అయితే మాత్రం సంగతి వేరు. అటువంటిది ‘సాక్ష్యం’ అని బంధువులకు పంపటం కూడా నేరమే. నేరుగా పోలీసులకు చూపండి. 1098కి ఫోను చేసినా సహాయం దొరుకుతుంది.

నిద్ర పట్టకపోయినా, ఎవరితోనూ మాట్లాడకపోయినా 14416కి ఫోను చేయండి. ఈ టెలి మానస్ సలహా ఉచితం, తెలుగులో మాట్లాడతారు. ‘నేను లేకపోతే బాగుండు’ అన్న మాట నోట వస్తే తెల్లవారేదాకా ఆగవద్దు. ఒంటరిగా వదలక నెల్లూరు ప్రభుత్వ సర్వజనాసుపత్రికి తీసుకువెళ్ళండి.

ఇంకో సంగతి. బరువు తగ్గుతున్నా, నొప్పితో రాత్రి నిద్రలో మెలకువ వస్తున్నా, విరేచనంలో రక్తం కనిపించినా ఇది భయం వల్ల వచ్చిన నొప్పి అనుకుని వదిలేయక మళ్ళీ పరీక్ష చేయించండి.