రెండు స్వీడన్ కార్లు

స్వీడన్‌లో పుట్టిన సాబ్, వోల్వో రెండూ అమెరికా కంపెనీల చేతికి వెళ్లాయి. 2000లో సాబ్‌ను పూర్తిగా సొంతం చేసుకున్న జనరల్ మోటార్స్ ఆ తర్వాత చేసిన పని బాధాకరం. సుబారు ఇంప్రెజాకూ, షెవర్లే ట్రెయిల్‌బ్లేజర్‌కూ కొద్ది మార్పులు చేసి, సాబ్ పేరు తగిలించి అమెరికాలో అమ్మింది. విమానాల తయారీలోంచి పుట్టిన సంస్థ ఇంజినీరింగ్ ప్రతిభకు అందులో చోటేది? 2010లో జనరల్ మోటార్స్ సాబ్‌ను డచ్ కార్ల సంస్థ స్పైకర్‌కు అమ్మేసింది. 2011 డిసెంబరులో సాబ్ దివాలా తీసింది. సాబ్ ఫ్యాక్టరీ ఉన్న ట్రోల్‌హట్టన్‌లో వేలమంది పని పోయింది.

ఫోర్డ్ 1999లో సుమారు 645 కోట్ల డాలర్లకు కొన్న వోల్వోను 2010లో చైనా సంస్థ గీలీకి అంతకంటే ఎంతో తక్కువకు వదులుకుంది. ఇక వోల్వో పని అయిపోయినట్టేనన్న భయం అప్పట్లో ఉండేది. గీలీ మాత్రం పెట్టుబడి పెట్టి, డిజైన్‌ను వోల్వో సొంతూరు గోథెన్‌బర్గ్‌కే వదిలేసింది. వోల్వో సొంతంగా రూపొందించుకున్న ప్లాట్‌ఫామ్‌పై 2014లో కొత్త ఎక్స్‌సీ90 కారు బయటికొచ్చింది.