గడ్డ ఉందనగానే కంగారెందుకు?

1955 జులైలో గ్లాస్గో ప్రొఫెసర్ ఇయాన్ డొనాల్డ్, ఆపరేషన్లలో తీసిన ఫైబ్రాయిడ్లనూ (గర్భసంచి గడ్డలు) అండాశయపు నీటితిత్తినీ కారు డిక్కీలో వేసుకుని రెన్‌ఫ్రూలోని బాయిలర్ల కంపెనీకి తీసుకెళ్లారు. అల్ట్రాసౌండ్‌తో లోహంలో పగుళ్లు పట్టే యంత్రం ఆనించి చూస్తే నీటితిత్తి లోపల ఏ ప్రతిధ్వనీ లేదు. గట్టి గడ్డ నుంచి మాత్రం ప్రతిధ్వనులు వరుసగా వచ్చాయి, లోతుకు పోయేకొద్దీ సన్నగిల్లుతూ. 1958లో ‘లాన్సెట్’లో వెలువడిన ఆయన బృందం అల్ట్రాసౌండ్ స్కానింగ్ వ్యాసానికి బీజం అక్కడే పడింది.

నేడు అదే స్కానింగ్‌లో గడ్డ కనిపిస్తే గర్భసంచి తీయించాలేమోనన్న కంగారు మొదలవుతుంది. గర్భసంచి తొలగింపుల్లో ఆంధ్రప్రదేశ్, తెలంగాణ దేశంలోనే ముందు వరుసలో ఉన్నాయని జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే (2019–21) చెబుతోంది.

స్కాన్ రిపోర్టులో గడ్డ ఎన్ని సెంటీమీటర్లో చూసి భయపడేవారే ఎక్కువ. లోపొరలోకి పొడుచుకొచ్చిన చిన్న గడ్డ విపరీతంగా రక్తస్రావం చేయించవచ్చు. బయటి గోడకున్న పెద్దది ఏ ఇబ్బందీ పెట్టకపోవచ్చు. గడ్డ ఎక్కడుందో డాక్టరును ఎలా అడగాలో ఈ సంచికలోని ముఖచిత్ర కథనం వివరిస్తుంది.